ఉచ్చులో తిరిగే ముక్క: నార తాడు నుంచి క్లచ్ వైరు దాకా

మన సంచికలో ఏటా పర్మిట్లు, లెవీ, ఇన్సూరెన్సు, జీతం బకాయిల గురించే ఎక్కువ రాసుకుంటాం. ఈసారి ఒక చరిత్ర వ్యాసం కావాలి, అదీ మన పనికి దగ్గరగా ఉండాలి అని కమిటీ అన్నలు అడిగారు. నాకు తెలిసింది ఇనుము, తీగ, తాడు. పాలిటెక్నిక్‌లో చదివింది అదే, పదమూడేళ్లుగా సైట్ల మీద చేస్తున్నదీ అదే. అందుకని తీగ గురించే రాస్తున్నా. కాకపోతే ఇది స్లాబులో పోయే తీగ సంగతి కాదు. జంతువును పట్టే ఉచ్చులోని తీగ సంగతి, ఆ ఉచ్చు మధ్యలో ఉండే ఒక చిన్న తిరుగుడు ముక్క సంగతి. ఆ ముక్కను స్వివెల్ అంటారు. క్రేన్ కింద పనిచేసే మన రిగ్గర్ తమ్ముళ్లకు ఈ మాట కొత్త కాదు.

తెలియనివాళ్ల కోసం చెప్తా. క్రేన్ హుక్కును ఖాళీగా ఉన్నప్పుడు చేత్తో తిప్పి చూడండి. మెడ దగ్గర గిర్రున తిరుగుతుంది. పైనున్న రోప్ మాత్రం తిరగదు. లోడు గాలికి తిరిగినా, స్లింగు తన పురి తాను విప్పుకోవాలని చూసినా, ఆ తిప్పుడు పైకి ఎక్కకుండా హుక్కు మెడ దగ్గరే ఆగిపోతుంది. ఊళ్లో గేదెను కట్టే గొలుసులో కూడా ఇలాంటి ముక్క ఉంటుంది. గేదె గుంజ చుట్టూ ఎన్ని చుట్లు తిరిగినా గొలుసు మెలిపడదు. అది లేకపోతే పొద్దటికల్లా గొలుసు మూరెడు పొడవుకు వచ్చి, గేదె మెడ గుంజకు ఆనుకుని ఉంటుంది. పశువులు సాకిన ఇంట్లో పుట్టినవాళ్లందరికీ ఇది ఎరుకే.

స్వివెల్ ఎంత గొప్పగా చేసినా అందులో ఉండేవి రెండే: బెజ్జం ఉన్న ఒక ముక్క, ఆ బెజ్జంలోంచి జారిపోకుండా తలకాయ ఉన్న ఒక పుల్ల. పుల్లకు ఒక తాడు, బెజ్జం ముక్కకు ఇంకో తాడు. రెండూ విడిపోవు, కానీ దేని దారిన అది తిరుగుతుంది. మన క్రేన్ హుక్కులో బేరింగు ఉంటుంది గనక బరువు మీద కూడా తేలిగ్గా తిరుగుతుంది. అసలు ఆలోచన మాత్రం ఆ బెజ్జం, ఆ తలకాయే.

ఈ ఆలోచన ఇనుము కంటే ముందే ఉంది. ఉత్తర ధ్రువం దగ్గర మంచులో బతికే ఇన్యూట్ ప్రజలు కుక్కలతో బండి లాగిస్తారు. ఒక్కో కుక్కకు ఒక్కో తోలు పట్టెడ. కుక్కలు ఊరికే ఉండవు, అటు దూకుతాయి, ఇటు దూకుతాయి, ఆ పట్టెడలన్నీ పురి పడతాయి. దానికి వాళ్లు దుప్పి కొమ్ముతో, వాల్రస్ దంతంతో చిన్న చిన్న స్వివెళ్లు చెక్కుకున్నారు. సీలును పొడిచే బల్లెం తాళ్లకు కూడా కట్టారు. అవి ఇప్పుడు మ్యూజియంలలో అద్దాల వెనుక ఉన్నాయి. ఫొటోలు చూస్తే మీకే తెలుస్తుంది, మన హుక్కు మెడలో ఉన్నదే అక్కడ బొటనవేలంత దంతం ముక్కలో ఉంది. చెట్టు కూడా మొలవని చోట, ఫ్యాక్టరీ అన్న మాట పుట్టకముందు చేసిన పని అది. నాకైతే ఆ ముక్కల ముందు మన టూల్ బాక్సు చిన్నగా కనిపిస్తుంది.

ఇక ఉచ్చు. ఇది మనిషి చేసిన అతి పాత పనిముట్లలో ఒకటి. ఒక తాడు, ఒక జారుముడి, అంతే. సంస్కృతంలో పాశం అన్నది దీన్నే. మనం యమపాశం అనేటప్పుడు కళ్ల ముందు ఆడేది ఇదే. మన దగ్గర పిట్టలోళ్లు అనే వేట కులాలు, మధ్య భారతంలో, మహారాష్ట్రలో పార్థీలు, ఈ విద్యలో ఆరితేరినవాళ్లు. పార్థీలలో ఒక శాఖకు ఫాన్సే పార్థీలన్న పేరు కూడా ఈ ఉరి నుంచే వచ్చింది. పిట్టలకు గుర్రపు వెంట్రుకలతో సన్నటి ఉచ్చులు పేనేవాళ్లు. జింకలకు జంతువుల నరాలతో పేనిన ఉచ్చులు వరసగా పాతేవాళ్లు. ఈ పని ఎంత కష్టమో తాడు పేనినవాళ్లకు తెలుస్తుంది. నరం తడిస్తే మెత్తబడుతుంది, ఎండితే గట్టిపడుతుంది. నార అయితే నానుతుంది, చీకుతుంది. పెట్టిన ఉచ్చును మళ్లీ వచ్చి చూసుకోవాలి, విప్పుకుని ఇంటికి తీసుకుపోవాలి. అన్ని ఉచ్చులు పేనడానికి ఎన్ని రోజులు పడుతుందో లెక్కేసుకోండి. ఒక్క ఉచ్చు పోయినా నష్టమే.

ఆ కులాల సంగతి వచ్చింది గనక ఒక మాట. 1871లో బ్రిటిష్ వాళ్లు క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చి, ఇలా తిరిగి బతికే కులాలను చాలావాటిని పుట్టుకతోనే నేరస్తులని రాసుకున్నారు. 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా దాన్ని తెచ్చారు. స్వాతంత్ర్యం వచ్చాక, 1952లో గానీ ఆ ముద్ర పోలేదు. కాగితం మీద పోయింది అనాలి. పరాయి ఊళ్లో ఏదైనా పోతే ముందు అనుమానం ఎవరి మీదకు వస్తుందో వలస బతుకు బతికే మనకు వేరే చెప్పక్కర్లేదు.

కెనడా అడవుల్లో క్రీ, దెనే తెగల వాళ్లకు కుందేలు చలికాలపు తిండి. వాళ్లు నరాలతో, పచ్చి తోలు పేలికలతో, విల్లో చెట్టు నారతో ఉచ్చులు వేసేవాళ్లు. కుందేలుకు పళ్లు ఉన్నాయి గదా, నరాన్ని కొరికి పారిపోతుంది. దానికి వాళ్లు కనిపెట్టిన ఉపాయం చూడండి: ఒక లేత చెట్టును వంచి, దాని కొసకు ఉచ్చు కట్టి, చిన్న కొక్కెంతో ఆపుతారు. కుందేలు తగలగానే కొక్కెం ఊడి, చెట్టు పైకి లేస్తుంది. కుందేలు గాల్లో వేలాడుతుంది, ఇక కొరకలేదు. చెట్టే స్ప్రింగు. ఎంత బలమున్న చెట్టు, ఎంత వంచాలి, కొక్కెం ఎంత లోతు పట్టాలి అన్నది తండ్రి కొడుక్కి నేర్పాలి. తర్వాత వ్యాపారుల దుకాణాల్లో సన్నటి ఇత్తడి తీగ చుట్టలు అమ్మకానికి వచ్చాయి. తీగను కుందేలు కొరకలేదు. చెట్టును వంచే పని తప్పింది. ఒక పొదకు కట్టేసి పోతే చాలు. విద్య సగం అక్కడే అయిపోయింది.

అయితే తీగకు నారకు లేని రోగం ఒకటి ఉంది, అది మనకు బాగా తెలిసిందే. బైండింగ్ వైరును కటింగ్ ప్లేయర్ లేకుండా ఎలా తెంపుతాం? అదే చోట నాలుగైదుసార్లు ఇటూ అటూ వంచుతాం, లేదా మెలిపెడతాం. టప్పున తెగుతుంది. మెలిపెట్టిన కొద్దీ ఇనుము ఆ చోట గట్టిపడి పెళుసెక్కుతుంది. తాడు అయితే పురి ఎక్కుతుంది, వదిలితే మళ్లీ దిగుతుంది. తీగలో ఒకసారి మెలిక పడితే, దాన్ని సరిచేసినా ఆ చోట బలం పోయినట్టే. అందుకే కింకు పడ్డ స్లింగును చూడగానే పక్కన పడేయమని టూల్ బాక్స్ మీటింగులో మొత్తుకుంటాం.

ఇప్పుడు ఉచ్చులో చిక్కిన జంతువును ఊహించుకోండి. అది గుంజ చుట్టూ తిరుగుతుంది, పొర్లుతుంది. ఒక్కో పొర్లుకు తీగలో ఒక్కో మెలి ఎక్కుతుంది. తీగ పొట్టిదవుతుంది, ఒకచోట చిన్న ముడిలా లేస్తుంది, జంతువు గట్టిగా లాగగానే అక్కడే తెగుతుంది. తెగితే జంతువు బతికిందని కాదు. ఉచ్చు మెడకో కాలికో అలాగే ఉంటుంది, బిగుసుకునే ఉంటుంది. తెగకపోతే ఆ మెలి అంతా ఉచ్చు మీద పడి చర్మంలోకి దిగుతుంది. ఈ మెలిని బయటికి వదిలే దారి ఒక్కటే, మధ్యలో తిరిగే ముక్క పెట్టడం. తీగతో ఉచ్చులు వేసేవాళ్లకు స్వివెల్ అవసరం వచ్చింది అందుకే.

తీగ ఇంత బలంగా, ఇంత చవకగా ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెప్పాలి, ఎందుకంటే అది మన కథ. జర్మనీలో హార్జ్ కొండల్లో క్లౌస్తాల్ అనే ఊరు, వెండి, సీసం గనులు ఉన్న చోటు. గనిలోంచి సరుకు పైకి లాగడానికి జనుప జాతి నార తాళ్లు, ఇనుప గొలుసులు వాడేవాళ్లు. తాడు చీకిపోతుంది. గొలుసుతో ఇంకా ప్రమాదం, ఒక్క కడి విరిగితే ముందు చెప్పకుండా మొత్తం కింద పడుతుంది. విల్‌హెల్మ్ ఆల్బర్ట్ అనే గనుల అధికారి 1834లో ఇనుప తీగలను తాడులాగా పేనించాడు. 3 పేటలు, పేటకు 4 తీగలు, ఒక్కో తీగ 3.5 మిల్లీమీటర్ల మందం. చేతులతోనే పేనారు. ఒక తీగ తెగినా మిగతా పదకొండు మోస్తాయి, తెగిన తీగ బయటికి కనబడి ముందే హెచ్చరిస్తుంది. ఈ రోజు మనం రోప్ మీద తెగిన తీగలు లెక్కపెట్టి చెక్ లిస్టులో రాయడం వెనుక ఉన్న ఆలోచన అదే. ఆ తర్వాత ఇంగ్లండులో, అమెరికాలో వైర్ రోప్ ఫ్యాక్టరీలు లేచాయి. రోబ్లింగ్ అనే తీగ తాళ్ల తయారీదారు ఊహించిన బ్రూక్లిన్ వంతెన ఆయన కొడుకు, కోడలు చేతుల మీదుగా 1883లో పూర్తయింది. గని కార్మికుడి ప్రాణం కోసం పుట్టిన తాడు అది.

ఆ తాడుకు తమ్ముడొకడు పుట్టాడు. 1896లో ఎర్నెస్ట్ బౌడెన్ అనే ఆయన ఒక గొట్టం లోపల సన్నటి తీగ తాడు జారే కేబుల్‌కు పేటెంటు తీసుకున్నాడు. సైకిలు బ్రేకు వైరు, మోటారు సైకిలు క్లచ్ వైరు అవన్నీ అదే. ఈ పేరు గుర్తుంచుకోండి, చివర్లో మళ్లీ పని పడుతుంది.

అమెరికాలో బొచ్చు వ్యాపారం పెరిగినప్పుడు న్యూయార్క్ రాష్ట్రంలో సీవెల్ న్యూహౌస్ అనే కమ్మరి ఇనుప బోనులు, అంటే కాలు పట్టే దవడ ట్రాపులు, చేతితో చేసేవాడు. తర్వాత ఒనైడా అనే సమాజంలో చేరాడు, 1850ల నుంచి అవి ఫ్యాక్టరీలో తయారై ఖండం అంతా పోయాయి. వాటి గొలుసుల్లో స్వివెల్ ఉండేది. జాలి కోసం పెట్టలేదు. జంతువు మెలితిప్పుకుని పోతే బొచ్చు పోతుంది, బోను పోతుంది, డబ్బు పోతుంది. మెలి కాలు మీద పడితే జంతువు కాలు వదిలేసి అయినా పోతుంది. పట్టినది పొద్దటిదాకా ఉండాలి, బొచ్చు పాడవకుండా ఉండాలి. లెక్క అది.

కొనలేనివాళ్లు ఇంట్లోనే చేసుకున్నారు. 1907లో హార్డింగ్ అనే ఆయన ఇంట్లో చేసుకునే బోనుల మీద, ఉచ్చుల మీద అమెరికాలో ఒక పుస్తకమే అచ్చేశాడు. 1930ల కరువు రోజుల్లో పల్లె పిల్లలు చలికాలం ఉచ్చులు వేసి తోళ్లు అమ్ముకుని ఇంటికి నాలుగు డాలర్లు ఇచ్చేవాళ్లు. ఇంటి స్వివెల్ ఎలా చేసేవాళ్లంటే, మేకు తీసుకుంటారు. మేకుకు తలకాయ ఎలాగూ ఉంది. దాని ఒంటికి గట్టి తీగను నాలుగైదు చుట్లు వదులుగా చుడతారు, ఆ చుట్టే బెజ్జం. తీగ కొసను కొక్కెంలా వంచుతారు. మేకు మొనను కాల్చి ఉంగరంలా చుడతారు. అయిపోయింది. ఇంకో పద్ధతి, ఇనుప పట్టీని యూ ఆకారంలో వంచి, అడుగున ఒక బెజ్జం, రెండు చెంపలకు రెండు బెజ్జాలు కొట్టి, అడుగు బెజ్జంలో మేకు, చెంపల్లో అడ్డంగా తీగ. ఫిట్టర్ పని చేసినవాడికి పది నిమిషాల పని. చెయ్యడం కంటే అది ఆగకుండా తిరగడం కష్టం. గడ్డి చుట్టుకుంటుంది, మట్టి పడుతుంది, చలిదేశాల్లో నీళ్లు గడ్డకట్టి బిగుసుకుంటుంది. బిగుసుకుపోయిన స్వివెల్ ఉన్నా లేనట్టే. అందుకే అనుభవం ఉన్న వేటగాళ్లు ఒకటి చాలదని గుంజ దగ్గర ఒకటి, మధ్యలో ఒకటి పెట్టుకునేవాళ్లు. మనం కూడా గ్రీజు పెట్టని హుక్కును నమ్మం గదా.

ఇక్కడ నాకు అనిపించింది ఒకటి చెప్తా. స్వివెల్ పెట్టాడంటే వాడు పొద్దున్నే తిరిగి వస్తాడన్నమాట. జంతువు ప్రాణంతో ఉండగా చేరుకోవాలన్న లెక్క వాడికి ఉంది. ఎన్ని ఉచ్చులు వేశాడో, ఎక్కడ వేశాడో తెలుసు. మంచివాడా చెడ్డవాడా అన్నది వేరే సంగతి. తన పనిని తాను చూసుకుంటాడు, అంతవరకే.

బ్రిటన్‌లో ఈ లెక్కను చట్టంలోకి తేవాలని చూశారు. 1981 చట్టంతో, లాగిన కొద్దీ బిగుసుకుని మళ్లీ వదులు కాని ఉచ్చులను నిషేధించారు, వేసిన ఉచ్చును రోజుకు ఒక్కసారైనా చూడాలని రాశారు. 2005లో ఇంగ్లండులో వచ్చిన నియమావళి మంచి స్వివెల్ ఉండాలని చెప్పింది. స్కాట్లాండులో ఉచ్చు ఒక హద్దు దాటి బిగుసుకోకుండా మధ్యలో అడ్డు ఉండాలన్నారు, తర్వాత శిక్షణ ఉన్నవాళ్లే వేయాలన్నారు, ఉచ్చు మీద నంబరు బిళ్ల ఉండాలన్నారు. ఇన్ని చేసినా సరిపోలేదు. నక్కకు వేసినది కుక్కకు, పిల్లికి, జింకకు పడుతూనే ఉంది. చివరికి వేల్స్ 2023లో, స్కాట్లాండు 2024లో ఉచ్చులను మొత్తంగానే నిషేధించాయి.

ఇక మనం ఉంటున్న వైపు. ఆగ్నేయాసియా అడవుల్లో ఇప్పుడు ఉన్న ఉచ్చులు ఎక్కువగా సైకిలు బ్రేకు వైరు, మోటారు సైకిలు క్లచ్ వైరు, వైర్ రోప్ ముక్కలు. బౌడెన్ గారి కేబుల్ అన్నమాట. చవక, చీకదు, తుప్పు పట్టినా ఏళ్లు పడుతుంది. నరంతో ఒక ఉచ్చు పేనే టైములో వీటితో వంద వేయొచ్చు. 2020లో వరల్డ్ వైల్డ్‌లైఫ్ ఫండ్ ఇచ్చిన నివేదిక ప్రకారం కంబోడియా, లావోస్, వియత్నాం మూడు దేశాల రక్షిత అడవుల్లోనే కోటీ 23 లక్షల ఉచ్చులు ఉండొచ్చని అంచనా. వియత్నాం, లావోస్ సరిహద్దు అడవుల్లో సావోలా అని లేడిలాంటి జంతువు ఉంది. అది ఉందని బయటి లోకానికి తెలిసిందే 1992లో. కెమెరాకు చిక్కడమే గగనం, ఉచ్చులకు మాత్రం చిక్కుతోంది. వేసినవాడు దాని కోసం వేయలేదు. అడవిపంది కోసమో ఇంకేదాని కోసమో వేశాడు. ఈ ఉచ్చుల్లో స్వివెల్ వెతకడం దండగ. వందల్లో వేసేవాడు తిరిగి వచ్చేది ఎప్పుడో. వాన పడితే రాడు, దారి మరిచిపోతే రాడు, అధికారులు తిరుగుతున్నారంటే అసలే రాడు. ఉచ్చు మాత్రం అక్కడే ఉండి తన పని తాను చేసుకుంటుంది.

మలేసియాలో 2016 నుంచి 2020 దాకా మొదటిసారి దేశమంతా పులుల లెక్క తీశారు. 150 కంటే తక్కువే ఉన్నాయని తేలింది. ఈ దేశం ప్రభుత్వ ముద్రలో రెండు పులులు నిలబడి ఉంటాయి, మీ పర్మిటు కాగితం మీద చూసే ఉంటారు. అడవిలో తగ్గిపోవడానికి చెప్పే కారణాల్లో ఉచ్చులు ముందు వరసలో ఉన్నాయి. సబాలో తబిన్ అడవిలో 2011లో పట్టుకుని కాపాడిన ఒక ఆడ ఖడ్గమృగానికి పుంతుంగ్ అని పేరు పెట్టారు. మలాయ్‌లో ఆ మాటకు మొండి ముక్క అని అర్థం. చిన్నప్పుడు ఉచ్చులో పడి ముందు కాలి పాదం పోయిందని భావించి ఆ పేరు పెట్టారు. అది 2017లో పోయింది. 2019లో ఆ జాతిలో మలేసియాలో మిగిలిన చివరి రెండూ, మేలో మగది, నవంబరులో ఆడది, చనిపోయాయి. ఇప్పుడు ఈ దేశంలో ఆ ఖడ్గమృగం లేదు. ఉచ్చు ఒక్కటే కారణమని నేననను, అడవి పోవడం, కొమ్ము వేట, జతకు తోడు దొరకకపోవడం అన్నీ ఉన్నాయి. కానీ మూడు కాళ్ల మీద బతికిన ఆ జంతువు పేరు చూస్తే ఒక తీగ ముక్క ఎంత దూరం పోతుందో తెలుస్తుంది.

ఇదంతా మనకెందుకు అనేవాళ్లకు చెప్తున్నా, కొంచెం ఆగి చదవండి. ద్వీపకల్ప మలేసియాలో 2010 వన్యప్రాణి సంరక్షణ చట్టం, నంబరు 716, ఉచ్చు వేయడాన్నే కాదు, దగ్గర పెట్టుకోవడాన్ని కూడా నేరం చేసింది. పెద్ద జరిమానా, జైలు రెండూ ఉన్నాయి. 2022లో ఆ చట్టాన్ని సవరించి శిక్షలు ఇంకా పెంచారు. సబా, సరవాక్‌లకు వాటి చట్టాలు వేరే. నువ్వు పంది కోసం వేశావా పులి కోసం వేశావా అని అక్కడ అడగరు. పామాయిల్ తోటల అంచున క్యాంపులు ఉన్న మన పిల్లలు, ఆదివారం కూర కోసం ఎవరో చెప్పారని ఒక వైరు కట్టడం చిన్న సంగతి అనుకోవద్దు. విదేశీ కార్మికుడికి జైలు అంటే అక్కడితో ఆగదు. పర్మిటు పోతుంది, ఇంటికి పంపిస్తారు, ఏజెంటుకు కట్టిన అప్పు మాత్రం ఊళ్లో అలాగే ఉంటుంది.

ఒకసారి మా క్యాంపు దగ్గర తిరిగే గోధుమరంగు కుక్క రెండు రోజులు కనబడలేదు. వచ్చినప్పుడు ముందు కాలుకు కేబుల్ దిగి ఉంది. దాని కొస తెగి వేలాడుతోంది, తెగిన చోట మెలి స్పష్టంగా కనిపిస్తోంది. మా వెల్డరు తమ్ముడు దాని నోటికి గుడ్డ కట్టి పట్టుకుంటే నేను సన్నటి కట్టరుతో తెంపాను. కేబుల్ బయటి సరుకే, కానీ ఉచ్చు కన్నును బిగించి కట్టింది మాత్రం బైండింగ్ వైరు, మనం రాడ్లకు వేసే ముడే. ఎవరు కట్టారో నేను వెతకలేదు. ఆ వారం నుంచి మా స్టోరులో తెగిన స్లింగులు, కేబుల్ ముక్కలు అర అడుగు కంటే పొడవు లేకుండా నరికి స్క్రాప్ డబ్బాలో వేయిస్తున్నా. తాళం ఉన్న డబ్బా. కూలి పనివాళ్లు మొదట్లో నవ్వారు. సేఫ్టీ ఆఫీసరుకు మాత్రం నచ్చింది, పాడైన స్లింగును ఎవరూ మళ్లీ వాడకుండా ఉండడానికి కూడా అదే మంచి పద్ధతి.

మన ఊళ్ల సంగతి దీనికంటే తక్కువేమీ లేదు. మా వైపు మక్క చేను పాలు పట్టే టైముకు అడవిపందులు దిగుతాయి. ఒక్క రాత్రిలో ఎకరం దున్నేస్తాయి. అప్పు తెచ్చి పంట వేసిన రైతు క్లచ్ వైరు కట్టడానికి పూనుకుంటే వాణ్ని రాక్షసుడనలేం. కానీ 1972 వన్యప్రాణి చట్టంలో వేట అన్న మాటకు ఇచ్చిన అర్థంలోనే ఉచ్చు వేయడం ఉంది, ఆయుధం అన్న మాట కింద ఉచ్చులు, వలలు ఉన్నాయి. పంది కోసమని వేసిన దాంట్లో ఏం పడుతుందో ఎవరి చేతిలోనూ లేదు. మధ్యప్రదేశ్ పన్నా జిల్లాలో 2022 డిసెంబరులో ఒక పులి క్లచ్ వైరు ఉచ్చుకు చెట్టు నుంచి వేలాడుతూ చచ్చి కనిపించింది. కొందరు దీనికంటే ఘోరంగా ఆ తీగకే కరెంటు పెడుతున్నారు. రాత్రి నీళ్లు పెట్టడానికి పోయిన పక్క చేను రైతు, పొద్దున్నే పశువుల కాపరి, ఆ తీగ తగిలి పోయిన వార్తలు ప్రతి వానాకాలం మన ఫోన్లలో చదువుతూనే ఉన్నాం. ఇంటికి ఫోన్ చేసినప్పుడు అయ్యనో తమ్ముణ్నో చేనికి ఏం కట్టారని ఒకసారి అడగండి. పంట పాడైతే అటవీ శాఖకు అర్జీ పెట్టుకునే దారి ఉంది, పరిహారం ఆలస్యంగా వస్తుందన్నది నిజమే, అది వేరే పోరాటం.

ఇక్కడ పని మీద ఉండగా తోట అంచునో అడవి బాటలోనో ఉచ్చు కనిపిస్తే మీరే పీకి జేబులో పెట్టుకోవద్దు. చట్టం ప్రకారం అది మీ దగ్గర దొరికినట్టు అవుతుంది. చోటు గుర్తు పెట్టుకుని, ఫొటో తీసి, సూపర్‌వైజరుతో కలిసి పెర్‌హిలిటాన్, అంటే ఇక్కడి వన్యప్రాణి శాఖకు చెప్పండి. అందులో జంతువు ప్రాణంతో ఉంటే దగ్గరికి పోవద్దు. తీగ ఎక్కడ మెలిపడి ఉందో, ఇంకెంతసేపు ఆగుతుందో బయటికి కనబడదు.